అడుగున్నర

"నేను లోపలికొస్తే నీకింకా అడ్డమే కదా, ఇద్దరం పట్టం" అంటూ ఖాళీ టీ కప్పును గుమ్మం ఇవతలి నుంచే అందించాడు భర్త.

ఆమె అందుకుంది. ఒక చేత్తో పాలగిన్నె కింద మంట తగ్గించి, ఇంకో చేత్తో కప్పు సింకులో పెట్టి, మోచేత్తో పంపు కట్టేసింది. ఆయన అన్నది అబద్ధం కాదు. ఆ వంటిల్లు వెడల్పు అయిదున్నర అడుగులు. అందులో గట్టు రెండడుగులు తినేస్తుంది, ఎదుటి గోడకున్న అరలు ఒక అడుగు తినేస్తాయి. మిగిలిన రెండున్నర అడుగుల్లోనే మనిషి నిలబడాలి, వంగాలి, తిరగాలి. పెళ్ళయి ఈ ఫ్లాటులోకి వచ్చిన కొత్తలో 'ఇద్దరం పట్టం' అన్న మాట ఆమెకు ముద్దుగానే వినిపించేది. ఆయన నవ్వుతూ అనేవాడు, తను సిగ్గుపడేది. ఆ మాట సరసం కావడం మానేసి సాకుగా ఎప్పుడు మారిందో ఆమె గమనించలేదు. ఇప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఆయన కాలేజీలో భూగోళం చెబుతాడు. ఏ నది ఏ కొండల్లో పుట్టి ఏ సముద్రంలో కలుస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఉప్పు డబ్బా ఏ అరలో ఉందో మాత్రం తెలీదు. చెడ్డవాడు కాదు. గొంతు పెంచడు, చెయ్యెత్తడు. ఇంటికి ఎవరొచ్చినా "మా ఆవిడకి ఎంత ఓపికో" అంటాడు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా ఆమెకు అదేదో గోడకు మేకు కొడుతున్న చప్పుడులా ఉంటుంది. మేకు దిగాక బరువు తగిలించడమే కదా తరువాయి.

ఆ ఉదయం ఇంకోటి కూడా చూసింది. పదిహేడేళ్ళ కూతురు కాలేజీకి టైమవుతోందని పరుగున పళ్ళెం కడగడానికి వచ్చింది. వంటింటి తలుపుకి ఒక ఇనుప గడియ ఉంది. తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి పక్కగోడ చోటివ్వదు కాబట్టి ఆ గడియ ఎప్పుడూ దారిలోకి పొడుచుకొచ్చే ఉంటుంది, సరిగ్గా తుంటి ఎత్తులో. తొందరలో మర్చిపోతే తగులుతుంది. ఆమె ఎడమ తుంటి మీద నీలం మచ్చ పచ్చబడేలోపు మళ్ళీ నీలమవుతూ ఉంటుంది. పిల్ల గడియ వైపు చూడనైనా చూడకుండా నడుము పక్కకు తిప్పి, ఊపిరి బిగబట్టి దూరింది. పళ్ళెం కడిగి, మళ్ళీ అలాగే ఒంపు తిరిగి బయటికి పోయింది. ఆ ఒంపు ఆమె ఎప్పుడూ నేర్పలేదు. ఎవరూ నేర్పని విద్య పిల్ల ఒంటికి ఎప్పుడు పట్టుబడిందా అని గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మాయ్, మాడువాసనొస్తోంది" అని హాల్లోంచి అత్తగారు కేకేసేదాకా కదల్లేదు.

ఆమె నగర ప్రణాళిక కార్యాలయంలో సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్. ఇరవై అయిదేళ్ళ సర్వీసు తర్వాత కూడా ఆ హోదా చివర 'మన్' ఊడలేదు. జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చుకుని ఉంటుంది కాబట్టి ఆఫీసులో అందరూ పెన్సిలమ్మ అంటారు. గీతలన్నీ కంప్యూటర్లోకి పోయి ఏళ్ళయినా ఆ పెన్సిల్ పోలేదు, ఆ పేరూ పోలేదు.

ఆ ఏడు ఆఫీసు మీద ఒక పెద్ద పని పడింది. నగరంలో మధ్యతరగతి వాళ్ళకి ఇల్లు దొరకడం గగనమైపోయింది. కట్టేవాళ్ళు ప్లాను గీయించుకుని, దాన్ని మంజూరు చేయించుకుని, అభ్యంతరాలు సరిదిద్దుకునేసరికి ఏడాది గడిచిపోతోంది. అందుకని పది నమూనా ప్లాన్లు ఆఫీసే గీసి, ముందుగానే మంజూరు చేసి పెట్టాలని నిర్ణయమైంది. సొసైటీ అయినా, బిల్డరైనా వాటిలోంచి ఒకటి ఎంచుకుంటే చాలు, రెండు వారాల్లో పునాది తవ్వుకోవచ్చు. పదింటిలో నాలుగో నంబరు ప్లాను మీదే అందరి కళ్ళూ ఉన్నాయి. రెండు పడకగదుల ఫ్లాటు అది. మొదటి విడతలోనే పన్నెండు వేల ఇళ్ళు ఆ ప్లానుతో లేస్తాయని అంచనా. ఆ షీటు ఆమె బల్ల మీదికి వచ్చింది.

ఆమెకు సంతోషమే కలిగింది. పక్క సీట్లో టైపిస్టు పెళ్ళయి మూడేళ్ళయినా అత్తమామలతో కలిసి రెండు గదుల్లో సర్దుకుంటోంది. "మేడమ్, మీ నాలుగో నంబరు త్వరగా తేల్చండి, నేను ముసలిదాన్నయ్యేలోపు" అని రోజుకోసారి గుర్తుచేస్తుంది. ఆ పిల్ల కోసమైనా త్వరగా ముగించాలనుకుంది.

చీఫ్ ఆర్కిటెక్ట్ ఆమెకన్నా పదేళ్ళు చిన్నవాడు. మర్యాదస్తుడు, ఎదుటివాళ్ళు కూర్చునేదాకా తను కూర్చోడు. "వంటిల్లు పాత బీ టైపు కొలతే ఉంచేద్దాం మేడమ్. అయిదున్నర. హాలు మాత్రం పెద్దగా రావాలి. ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళు మొదట చూసేది హాలేగా" అన్నాడు.

బీ టైపు అంటే ఆమె ఉంటున్న కాలనీయే. అప్పట్లో అదే నమూనాతో నగరంలో నాలుగు చోట్ల వందల ఫ్లాట్లు కట్టారు.

"ఆ కొలతతో ఎవరికీ ఇబ్బంది లేదని ఫైల్లో ఉండాలి. ఒక నలభై ఇళ్ళు సర్వే చేసి రండి. మీరుండేది అక్కడేగా, మీకు తేలిక."

ఆ శనివారం నుంచి ఆమె అట్ట మీద కాగితాలు బిగించుకుని, టేపు సంచీలో వేసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. కాగితం మీద మొదటి గడి 'కుటుంబ యజమాని'. ఆ గడి నింపడానికి ప్రతి ఇంట్లోనూ ఒక మగాయన సోఫాలో సిద్ధంగా ఉండేవాడు. హాలు గురించి ఒక్కొక్కరూ పావుగంట చెప్పేవారు. కిటికీ ఎటుండాలో, టీవీ ఏ గోడకుండాలో, చుట్టాలొస్తే ఎంతమంది కూర్చోగలరో. వంటింటి ప్రశ్న దగ్గరికి రాగానే మెడ తిప్పకుండానే లోపలికి కేకేసేవారు. "ఏమోయ్, వంటిల్లు సరిపోతోందిగా?" లోపల పంపు చప్పుడు ఒక్క క్షణం ఆగేది, మళ్ళీ మొదలయ్యేది. "సరిపోతోందట, రాసుకోండి." ఆమె రాసుకునేది. నిజానికి ఆ పంపు చప్పుడు రాసుకోవాల్సింది, దానికి కాగితంలో గడి లేదు.

ఇరవై రెండో ఇల్లు ఒక నర్సుది. ఆ అమ్మాయి అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది, తెల్లబట్టలు మార్చుకోకుండానే గట్టు దగ్గర కూరలు తరుగుతోంది. భర్త అలవాటు ప్రకారం కేకేశాడు. పంపు చప్పుడు బదులు మాట వినిపించింది.

"మేడమ్, ఒకసారి లోపలికి రండి."

వెళ్ళింది. లోపల ఇద్దరూ పట్టక నర్సు గట్టుకు ఆనుకుని నిలబడింది, ఆమె తలుపులోనే ఆగిపోయింది. నర్సు కత్తి కింద పెట్టి, బట్ట కాస్త పక్కకు జరిపి తుంటి చూపించింది. నీలం మచ్చ. "వార్డులో ఎవరికైనా ఇలాంటిది కనిపిస్తే ఇంట్లో కొడుతున్నారా అని అడుగుతాం మేడమ్. నన్నెవరూ అడగరు. అడిగితే తలుపు కొట్టిందని చెప్పాలి. నమ్ముతారా?"

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. తన ఎడమ తుంటి మీద చెయ్యి వేసి చూపించింది. నర్సు ఆమె మొహం వంక చూసి, "మీరూ బీ టైపేనా అక్కా" అంది. మేడమ్ అక్క అయిపోయింది.

మరుసటి శనివారం ఆమె మొదటి ఇంటి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి సోఫాల దగ్గర ఆగలేదు, తిన్నగా వంటిళ్ళలోకి నడిచింది. ఒక టీచరు, ఒక దర్జీ, కోర్టులో గుమాస్తా, ఉద్యోగం లేని వాళ్ళు, రిటైరైన వాళ్ళు. కొందరు నీలం మచ్చ చూపించారు, కొందరు గడియకు గుడ్డ చుట్టుకున్నారు, ఒకావిడ తలుపే పీకించేసింది. "ఈ ఇల్లు గీసినవాడు ఒక్క పూటైనా వంట చేసి ఉంటే ఒట్టు" అంది దర్జీ. "వాడి చేతికి గరిటిచ్చి ఇందులో పెట్టి తాళం వేయాలి" అంది టీచరు. ఆమె వాళ్ళతో కలిసి మనసారా నవ్వింది. చాలా రోజుల తర్వాత అంతలా నవ్వింది. గీసినవాడెవడో కనుక్కుని తీరాలన్న పట్టుదల కూడా ఆ నవ్వులోనే పుట్టింది.

సోమవారం పొద్దున్నే రికార్డు రూముకి వెళ్ళి బీ టైపు పాత షీట్లు అడిగింది. అక్కడి పెద్దాయన దుమ్ము దులిపి ఒక పొడవాటి గొట్టం తెచ్చిచ్చాడు. "దీని కోసం ఇన్నేళ్ళలో ఎవరూ రాలేదమ్మా. కట్టేశాక ఇక ప్లాను ఎవరిక్కావాలి?" అన్నాడు.

ట్రేసింగ్ కాగితం పసుపురంగు తిరిగింది. నాలుగు మూలలా బరువులు పెట్టి పరిచింది. వంటిల్లు, హాలు, మధ్యలో గోడ. షీటు అంచున సవరణల పట్టికలో రెండో వరస: వంటగది వెడల్పు ఏడడుగుల నుంచి అయిదున్నరకు తగ్గించడమైనది. కింద, 'ట్రేస్ చేసినది' అన్నచోట చిన్న చిన్న అక్షరాలు రెండు.

ఆ అక్షరాలు ఆమెవి. పుట్టింటి ఇంటిపేరుతో, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు పెట్టిన పొట్టి సంతకం.

కుర్చీ కోసం వెనక్కి తడుముకుంది. ఆ ఏడాది ఆమె చేతుల మీదుగా రెండొందల షీట్లు పోయాయి, ఏది ఎక్కడ కట్టారో ఎవరు గుర్తుపెట్టుకుంటారు? కానీ ఆ మధ్యాహ్నం మాత్రం ఇప్పుడు కళ్ళకు కట్టినట్టు గుర్తొచ్చింది. అప్పటి పెద్దసారు టీ తాగుతూ వచ్చి బొటనవేలి గోరుతో గోడ మీద గీరి, "ఇది కాస్త ఇటు జరుపమ్మా, హాల్లో మూడు సీట్ల సోఫా పట్టడం లేదు" అన్నాడు. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల తను. అప్పటికి వంట చేసి ఎరగదు, వాళ్ళమ్మ చేయనిచ్చేది కాదు. బ్లేడు వంచి పట్టుకుని, కాగితం చిరక్కుండా, పాత గోడ సిరాను ఊపిరి బిగబట్టి గీకేసింది. అడుగున్నర ఇవతల కొత్త గోడ గీసింది. పది నిమిషాల పని. పెద్దసారు షీటును వెలుతురుకి ఎత్తి చూసి, "శభాష్, ఎక్కడ చెరిపావో కనబడటమే లేదు" అన్నాడు. ఆ మాట ఇంటికి తీసుకెళ్ళి నాన్నకు చెప్పుకుంది. వారం రోజులు ఆ మాట తలుచుకుని మురిసిపోయింది. ఇప్పుడు షీటును కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. కనబడుతోంది. గీకినచోట కాగితం పలచబడి, వెలుతురులో గోడ ఆనవాలు తెల్లటి చారలా స్పష్టంగా ఉంది.

"ఏమైందమ్మా, నీళ్ళు తెమ్మంటావా?" అన్నాడు పెద్దాయన.

ఆ తర్వాత ఆమెకు కాలు నిలవలేదు. బస్సులో సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. ఇంట్లో పని చేస్తూ చేస్తూ ఆగి టేపు తీసేది, కొలిచిందే కొలిచేది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు. ఇన్నాళ్ళూ ఎవరో గీసిన ఇంట్లో తను ఇరుక్కున్నాననుకుంది. చూడబోతే ఆ దర్జీ తుంటి, ఆ నర్సు తుంటి, తన కూతురి నడుము ఒంపు, అన్నీ తన బ్లేడు కిందనుంచి వచ్చినవే. అంతకన్నా బాధించింది ఇంకోటి. భర్త పద్దెనిమిదేళ్ళుగా గుమ్మంలో నిలబడి చెబుతున్న మాటను ఆయనకు అందించింది కూడా తనే.

మనసులో దాచుకోలేక ఆ రోజు భోజనాల దగ్గర చెప్పేసింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, కాసేపు చూసి, పకపకా నవ్వాడు. "అయితే తప్పంతా నీదేనన్నమాట. ఇన్నాళ్ళూ అనవసరంగా నేను మొహమాటపడ్డాను."

ఆదివారం ఆయన కాలేజీ స్నేహితులు ముగ్గురు వచ్చారు. మూడు సీట్ల సోఫాలో ముగ్గురూ చక్కగా పట్టారు. ఆమె టీ ట్రే పట్టుకుని వస్తుంటే ఆయన అంటున్నాడు, "మా వంటిల్లు మా ఆవిడ స్వయంగా గీసుకున్నదేనండీ. ఆవిడే గీసుకుంది, ఆవిడే అనుభవిస్తోంది." అందరూ నవ్వారు. ఒకాయన కప్పు అందుకుంటూ ఏదో హాస్యమాడబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. ఆమె ట్రే బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ఏదో పురమాయించడానికేమో అనుకుంది ఆమె.

"నాది నేల పొయ్యి" అంది అత్తగారు. "నలభై ఏళ్ళు గొంతుక్కూర్చుని వండాను. నాకు తుంటికి కాదు, మోకాళ్ళకొచ్చింది. డాక్టరు వయసంటాడు. మీ మావయ్యది నా వయసే, ఆయన చివరిదాకా మెట్లు రెండేసి ఎక్కాడు." పీట కాస్త ముందుకు జరుపుకుని, "కొత్తది గీస్తున్నావటగా. గట్టు కింద కాలు పెట్టుకోను కాస్త చోటు వదులు" అంది.

పద్దెనిమిదేళ్ళలో అత్తగారు ఆమె ఉద్యోగం గురించి మాట్లాడటం అదే మొదటిసారి.

మరుసటి వారం కమిటీ కూర్చుంది. పొడుగాటి బల్ల, చుట్టూ ఏడుగురు మగవాళ్ళు, చివర ఆమె. నాలుగో నంబరు షీటు తెర మీదికి రాగానే చీఫ్ కనుబొమలు ముడిచాడు.

"ఇదేంటి మేడమ్, వంటిల్లు ఏడడుగులుంది?"

"అవునండి."

"హాలు తగ్గింది కదా."

"అడుగున్నర తగ్గింది. తలుపు కూడా మార్చాను. పూర్తిగా తెరుచుకుంటుంది. గట్టు కింద కాలు పెట్టుకునే చోటు వదిలాను."

బిల్డర్ల తరఫున వచ్చిన పెద్దమనిషి నవ్వాడు. "అంత చోటెందుకమ్మా? ఇద్దరు పట్టేలా ఉంది. ఎంత చేసినా వంట చేసేది ఒకరేగా."

ఆమె రాత్రంతా వల్లించుకున్న మాటలన్నీ ఆ క్షణంలో గాలికి పోయాయి. తెచ్చిన పాత షీటును బల్ల మీద పరిచింది.

"చేసేది ఒకరేనని ఒకరికి సరిపడా గీశాం. ఒకరికి సరిపడా గీశాం కాబట్టి ఒకరే చేస్తున్నారు. ఇందులో ఏది ముందో నాకు తెలీదండి. గీయడం మాత్రం నా చేతిలో పని. ఇది పాత బీ టైపు. మొదట ఏడడుగులే ఉండేది. ఈ గోడ చెరిపింది నేనే, ఇదుగో నా సంతకం. అప్పుడు నాకు తెలీదు. నలభై ఇళ్ళ సర్వే మళ్ళీ చేశాను, ఈసారి వంట చేసేవాళ్ళను అడిగాను. కాగితాలు ఫైల్లో ఉన్నాయి."

చీఫ్ కాగితాలు తిరగేశాడు. ఒకచోట ఆగి, చదివి, ఆ పేజీ మూసేశాడు. "మేడమ్, మీరు చెప్పింది కాదనను. కానీ సోమవారానికి షీట్లు అచ్చుకు పోవాలి. అయిదున్నరకే మార్చి ఇచ్చేయండి. తర్వాతి విడతలో చూద్దాం."

తర్వాతి విడత అంటే ఎన్నేళ్ళో ఆమెకు తెలుసు. టైపిస్టు కూడా గుర్తొచ్చింది. తను మొండికేస్తే ఆలస్యమయ్యేది ఆ పిల్లకే. అయినా మాట నోటిదాకా వచ్చేసింది.

"నేను సంతకం పెట్టేది ఈ షీటు మీదేనండి. ఇంకోటి కావాలంటే ఇంకెవరిచేతనైనా గీయించుకోండి. నేనేమీ అనుకోను."

సోమవారానికి మూడు రోజులుంది. పైపులు, దూలాలు, మెట్లు, అన్నీ ఆ గోడను పట్టుకుని కదులుతాయి. ఆ షీటు ఆనుపానులు ఆమెకు తప్ప ఎవరికీ తెలియవు. ఆ సంగతి బల్ల చుట్టూ ఉన్న ఏడుగురికీ ఒకరి తర్వాత ఒకరికి స్ఫురించడం ఆమె వాళ్ళ మొహాల్లో చూసింది. చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే, మీ ఇష్టం" అన్నాడు. కోపంగా అనలేదు, మెచ్చుకోలుగానూ అనలేదు. బయటికొచ్చాక ఆమె వరండాలో గోడకానుకుని చాలాసేపు నిలబడింది. గెలిచినట్టే అనిపించలేదు.

ఎనిమిది నెలల తర్వాత మొదటి నమూనా ఫ్లాటు తయారైంది. జనం వరసలు కట్టి చూస్తున్నారు. ఒక సెలవురోజు ఆమె ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళింది. చెప్పలేదు గానీ, ఆ రోజు కోసం ఆమె లోలోపల ఎంతగా ఎదురుచూసిందో ఆమెకే తెలుసు. అత్తగారు గట్టు ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, కాలు లోపలికి పెట్టి చూసుకుని, "పట్టింది" అంది. కూతురు తలుపు దాటి లోపలికి నడిచింది, తిన్నగా, చేతులూపుకుంటూ. ఆ నడక చూసి ఆమెకు కళ్ళు చెమర్చాయి.

"మీరూ రండి" అంది భర్తతో.

ఆయన వచ్చాడు. గుమ్మం దాకా వచ్చి, తల లోపలికి పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. "బ్రహ్మాండంగా ఉంది. ఇలాంటిది ఉంటే నీకెంత హాయిగా ఉండేదో" అన్నాడు మనస్ఫూర్తిగా. అని, హాల్లోకి వెళ్ళి సోఫా ఎక్కడ వస్తుందో జానలతో కొలవడం మొదలుపెట్టాడు.

గట్టుకీ అరలకీ మధ్య నాలుగడుగుల నున్నటి నేల ఖాళీగా ఉంది. ఆమె దాని వంక చూస్తూ ఉండిపోయింది. గోడ జరిపితే మనిషి కూడా జరుగుతాడని తనకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. తనే అనుకుంది. ఆ అడుగున్నర వృథా కాలేదు. పన్నెండు వేల ఇళ్ళలో ఎవరి తుంటికీ గడియ తగలదు, టైపిస్టుకి వచ్చే ఏడు తాళంచెవులు వస్తాయి. అది చాలా పెద్ద పనే, తన చేతి పని. కానీ 'నీకు' అన్న ఆ ఒక్క మాట మాత్రం ఏ షీటు మీదా లేదు. బ్లేడుతో గీకితే పోయేది కాదు.

మర్నాడు చీఫ్ గదికి వెళ్ళింది. నమూనా ప్లాన్లను చుట్టుపక్కల నాలుగు పట్టణాలకు తీసుకెళ్ళి, ఇళ్ళు కట్టుకునేవాళ్ళకు విడమరిచి చెప్పి, వాళ్ళ అభిప్రాయాలు రాసుకుని రావడానికి ఒకరు కావాలని ఆయన నెల కిందట అడిగాడు. రెండు నెలల పని. 'ఇంట్లో కుదరదండి' అనేసింది అప్పుడు, ఆలోచించకుండానే.

"ఆ టూరుకి నా పేరు రాసుకోండి" అంది.

ఇంట్లో చెప్పగానే భర్త అయోమయంగా చూశాడు. "రెండు నెలలా? పొద్దున్నే నాకు తొమ్మిదికి క్లాసు."

"తెలుసండి."

"అమ్మకి మోకాళ్ళు."

"అదీ తెలుసు."

"మరి వంట?"

ఇన్నేళ్ళూ ప్రతి ప్రశ్నకూ జవాబు ఆమే వెతికి పెట్టింది. ఈ ఒక్కదాన్నీ ఆయన దగ్గరే వదిలేసింది. గోడకానుకుని కూర్చున్న అత్తగారు కొడుకు వంక ఒకసారి చూసి, చేతిలో పత్రిక పేజీ తిప్పింది.

ప్రయాణం రోజు పెట్టె సర్దుకుంటుంటే కూతురు వచ్చి మంచం మీద కూర్చుంది. "నువ్వేం దిగులు పడకమ్మా. పొద్దున్నే లేచి నేను చేసేస్తాలే. నాన్నకి తెలీదుగా పాపం."

ఆమె చేతిలో బట్ట కింద పెట్టేసింది. పిల్ల పక్కన కూర్చుని, జుట్టు చెవి వెనక్కి సర్దింది. ఏడాదిగా ఎటూ తేలని ఆరాటమంతా ఆ ఒక్క మాట కోసమే తచ్చాడిందేమో.

"నీ ముద్ద నువ్వు వండుకో, నీ పళ్ళెం నువ్వు కడుక్కో. నా బదులు మాత్రం చేయకు తల్లీ. నువ్వు చేస్తే నేను వెళ్ళినట్టే కాదు."

మొదటి పట్టణంలో సమావేశం ఒక బడి హాల్లో పెట్టారు. సాయంత్రం ఆరు. ఇళ్ళు కట్టుకోబోతున్న సొసైటీ సభ్యులు నలభైమంది దాకా వచ్చారు. ఆమె షీట్లు విప్పుతూ తలెత్తి చూసింది. ముందు వరస నుంచి వెనక గోడ దాకా అందరూ మగవాళ్ళే.

"మొదలుపెట్టండి మేడమ్" అన్నాడు సొసైటీ కార్యదర్శి.

"మీ ఇళ్ళల్లో వంట చేసేవాళ్ళు ఎవరూ రాలేదా?"

హాల్లో చిన్న నవ్వు లేచింది. "వాళ్ళకి ప్లాన్లు ఏం తెలుస్తాయి మేడమ్? మాకు చెప్పండి, మేం వెళ్ళి చెబుతాం."

ఆమె విప్పిన షీటును మళ్ళీ చుట్టి బల్ల మీద పెట్టింది. కుర్చీ లాక్కుని వాళ్ళకెదురుగా కూర్చుంది. "వాళ్ళు కూడా వస్తే మొదలుపెడదాం."

కార్యదర్శి గడియారం చూసుకున్నాడు. "ఇప్పుడెలా వస్తారండీ? ఇది వంట టైము కదా."

"అయితే మీరు వెళ్ళి అది చూసుకోండి, వాళ్ళు వస్తారు" అంది ఆమె. "నేను ఆగుతాను. నాకు తొందరేం లేదు."

ఎవరూ కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు.